చలికాలంలో దేవగన్నేరు కుండీ: నీళ్లు పూర్తిగా మానేయాలా, కొంచెం పోయాలా?

సరళ_ఫ్రిస్కో | నవంబర్ 11, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నా దగ్గర రెండు దేవగన్నేరు కుండీలున్నాయి. ఒకటి ఈ ఏప్రిల్‌లో ఇక్కడి నర్సరీలో కొన్నాను. రెండోది జూన్‌లో ఊరు మారిపోతూ ఒక ఫ్రెండ్ ఇచ్చి వెళ్లింది. రెండూ నా భుజం ఎత్తున ఉన్నాయి. ఇదే వాటికి నా దగ్గర మొదటి చలికాలం. వచ్చే వారం రాత్రిపూట 36 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే మన సెల్సియస్ లెక్కలో 2కి పడిపోతుందని ఫోన్ చూపిస్తోంది. మావారేమో గరాజ్‌లో పెట్టి మర్చిపో అంటారు. పక్కింటావిడ కిటికీ దగ్గర పెట్టి అప్పుడప్పుడు గ్లాసు నీళ్లు పోయమంటుంది. డిసెంబర్ 14న ఇండియా వెళ్తున్నాం, ఐదు వారాలు ఇంట్లో ఎవరూ ఉండరు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

ప్లేనో_మాస్టారు | రాత్రి 10:05

అమ్మా, నీళ్లు బంద్. ఈ రోజు నుంచే.

ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. అక్కడ వానల్లేని నెలల్లో ఆకులు రాల్చేసి పడుకుంటుంది. మనమూ దాన్ని పడుకోనివ్వాలి. రాత్రి 50కి (10 సెల్సియస్) దిగిందంటే లోపలికి తేవాలి. 32 (సున్నా సెల్సియస్) తగిలితే కొమ్మలో నీరు గడ్డకట్టి లోపల కణాలు పగిలిపోతాయి. మర్నాడు ఎండ వచ్చాక కొమ్మ ఉడికిన బంగాళాదుంపలా అవుతుంది. గరాజ్‌లో ఇంటి గోడవైపు పెట్టండి. సిమెంటు నేల మీద నేరుగా వద్దు, కింద చెక్క వేయండి. వెలుతురు అక్కర్లేదు. ఆకులన్నీ రాలిపోతాయి, ఏడవకండి. మార్చి ఆఖరు దాకా చుక్క నీళ్లు పోయొద్దు. గడ్డకట్టనంత వరకు ఈ చెట్టుని చలి ఒక్కటే చంపదు, తడి ఒక్కటే అంత త్వరగా చంపదు, రెండూ కలిస్తే మాత్రం వారంలో వేరు కుళ్లిపోతుంది. పంతొమ్మిదేళ్లుగా పెంచుతున్నాను.

కేటీ_కిరణ్ | రాత్రి 10:11

నాది హ్యూస్టన్ ప్లుమేరియా (దేవగన్నేరు) సొసైటీ సేల్‌లో కొన్నాను. చలి రాత్రులు నాలుగైదే కాబట్టి లోపలికి తెస్తా, బయట పెడతా. నడుము మాత్రం పోయింది.

ఎడిసన్_వరహాలు | రాత్రి 11:20

మాస్టారు గారూ, మీరు చెప్పిన ఈ మాటే 2018లో ఇంకో పెద్దమనిషి నాకు చెప్పారు. నా రెండింట్లో ఒకదాన్ని గరాజ్‌లో పెట్టాను. నీళ్లు ఆపాను. న్యూజెర్సీలో హీటింగ్ లేని గరాజ్ అంటే ఏంటో ఆయన ఆలోచించలేదు, నాకూ తెలీదు. ఫిబ్రవరిలో కాండం బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. లోపలంతా గోధుమరంగు గుజ్జు. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

రెండోది అప్పటికే మా బెడ్‌రూమ్‌లో ఉంది. బతికింది. ఇప్పటికీ బతికే ఉంది. మొక్కలకి పెట్టే ఎల్ఈడీ లైటు రోజుకి పన్నెండు గంటలు, పది రోజులకో గ్లాసు నీళ్లు. జనవరిలో కూడా ఆకులు పచ్చగా ఉంటాయి. ఒక్క గొడవేంటంటే హీటర్ గాలికి ఎర్రనల్లి పడుతుంది, వారానికోసారి తడిగుడ్డతో ఆకుల అడుగు తుడవాలి. కాబట్టి సరళ గారూ, చుక్క నీళ్లు వద్దనే సలహా అందరికీ కాదు. అన్నట్టు మా ఇంట్లో దీన్ని దేవగన్నేరు అనరు, నూరు వరహాలు అంటారు.

ప్లేనో_మాస్టారు | నవంబర్ 12, ఉదయం 6:15

నూరు వరహాలంటే ఎర్రటి గుత్తిపూలు. చిన్న చిన్న పూలు, పిల్లలు తేనె పీలుస్తారు. ఇంగ్లీషులో ఇక్సోరా. అది వేరే చెట్టు, వేరే కుటుంబం. ముందు పేరు సరిగా తెలుసుకుంటే తర్వాత నీళ్ల సంగతి మాట్లాడుకోవచ్చు.

ఇంకో విషయం. పది రోజులకో గ్లాసు అన్నారు. ఏ గ్లాసు? స్టీలు గ్లాసా, కాఫీ గ్లాసా, ఇక్కడ సోడాకి ఇచ్చే చెంబంత గ్లాసా? కుండీ ఎంత? మూడు గ్యాలన్లదా, పదిహేను గ్యాలన్లదా? కొలత లేని సలహా సలహానే కాదు.

మణికొండ_మిద్దెతోట | ఉదయం 7:02

మా తాతగారు కూడా తెల్లపూల చెట్టుని వరహాల చెట్టు అనేవారు. రెండింటికీ వాడతారండీ. ఇంతకీ నాదో ప్రశ్న, నా మొక్క ఆకుల వెనక నారింజ రంగు పొడి రాలుతోంది. ఏం చేయాలి?

ఎడిసన్_వరహాలు | ఉదయం 8:30

కాకినాడలో మా వీధంతా నూరు వరహాలే అనేవాళ్లు. వీధి మొత్తానికీ మాస్టారు క్లాసు పీకుతారా?

స్టీలు గ్లాసు. మంచినీళ్లు తాగేది. చాలా?

ప్లేనో_మాస్టారు | ఉదయం 8:52

చాలదు. సరే, పేరు వదిలేద్దాం. మా ఊరి శివాలయం ముందు దేవగన్నేరు ఉండేది. సంక్రాంతి నాటికి మోడు. చేతివేళ్లు చాచినట్టు కొమ్మలు, ఒక్క ఆకు ఉండేది కాదు. ఏ పూజారీ చెంబుతో నీళ్లు పోయలేదు. ఎండలు ముదిరేసరికి కొసల్లో పూలు, ఆ తర్వాత ఆకులు. ప్రకృతి చెప్పిందే నేనూ చెబుతున్నాను. మీరు బెడ్‌రూమ్‌లో లైటు వేసి దాన్ని నిద్రపోనివ్వడం లేదు.

ఎడిసన్_వరహాలు | ఉదయం 9:10

మా ఇంటి చెట్టు ఏ సంక్రాంతికీ మోడు కాలేదు. ముగ్గు వేస్తుంటే ముగ్గు మీద పూలు రాలేవి. నా కళ్లతో చూసింది అబద్ధమంటారా?

ప్లేనో_మాస్టారు | ఉదయం 9:14

జ్ఞాపకాలు అలాగే ఉంటాయి. చిన్నప్పటి చెట్లకి ఆకులెప్పుడూ రాలవు.

చికాగో_చలి | ఉదయం 9:30

నాది పోయింది. రెండుసార్లు. ఒకసారి నీళ్లు పోసి, ఒకసారి పోయక.

మొక్కల_మూర్తి | ఉదయం 10:45

మణికొండ వారికి: అది తుప్పు తెగులు. పట్టిన ఆకులు తీసి చెత్తలో వేయండి, కుండీలో రాలనివ్వకండి.

మాస్టారు గారికీ, ఎడిసన్ అక్కకీ ఒకటే ప్రశ్న. మీ చెట్ల ఆకు కొస ఎలా ఉంటుంది? మామిడాకులా కోసుగా ఉందా, గరిటెలా గుండ్రంగా ఉందా? కోసుగా ఉంటే అది రూబ్రా రకం, చలికాలం ఆకులు రాల్చి నిద్రపోతుంది. గుండ్రంగా, ముదురు పచ్చగా మెరుస్తూ ఉంటే అబ్టూసా, సింగపూర్ రకం అంటారు. అది పూర్తిగా పడుకోదు. దాన్ని చీకటి గరాజ్‌లో నెలల తరబడి ఎండబెడితే ఈసురోమంటుంది. ఆకులున్నంత కాలం కొంచెం తడి, వెలుతురు కావాలి. మీరిద్దరూ రెండు వేరే చెట్ల గురించి కొట్లాడుకుంటున్నారని నా అనుమానం.

ప్లేనో_మాస్టారు | ఉదయం 11:20

రకం ఏదైనా నేను చెప్పేది అదే. అడిగిన అమ్మాయి ఐదు వారాలు ఇంట్లో ఉండదు. పది రోజులకోసారి గ్లాసు నీళ్లు ఎవరు పోస్తారు? ఎవరో ఒకరు అతి చేస్తారు. నీళ్లు పోయకపోతే కాండం కాస్త ముడతలు పడుతుంది, అంతే. అది మార్చిలో నీళ్లు పోయగానే సర్దుకుంటుంది. కుళ్లితే సర్దుకోదు. అయినా ఒక కొమ్మ చస్తే కొంపలేం మునగవు. 20 డాలర్లు పెడితే ఇంకో కొమ్మ వస్తుంది. దీనికోసం బెడ్‌రూమ్‌లో లైట్లు, తడిగుడ్డలు, ఈ హడావుడంతా ఎందుకు?

ఎడిసన్_వరహాలు | ఉదయం 11:41

20 డాలర్లా.

2017లో మా అమ్మ తన చేత్తో కోసిచ్చిన రెండు కొమ్మలవి. మొక్కకి తెగుళ్లు లేవనే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కోసం మూడు రోజులు తిరిగి, మట్టి అంటకుండా, పాలు కారిన చోట ఆరబెట్టి, న్యూస్‌పేపర్‌లో చుట్టి తెచ్చుకున్నాను. ఒకటి ఆ పెద్దమనిషి మాట విని చంపుకున్నాను. 2020లో అమ్మ పోయింది. విమానాల్లేవు. వీడియో కాల్‌లో చూశాను. తర్వాత అన్నయ్యలు ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు, చెట్టు కొట్టేశారు. ఏ నర్సరీలో దొరుకుతుందో చెప్పండి, 20 కాదు 2000 పెడతాను.

కేటీ_కిరణ్ | ఉదయం 11:50

మాస్టారూ, ఇక ఆపండి సార్.

ప్లేనో_మాస్టారు | మధ్యాహ్నం 1:30

అమ్మా, ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే నేనలా అనేవాణ్ని కాదు.

ఎడిసన్_వరహాలు | మధ్యాహ్నం 1:33

మొదటే ఎందుకు చెప్పాలి? ఇక్కడ అడిగింది నీళ్ల గురించి.

ప్లేనో_మాస్టారు | మధ్యాహ్నం 2:25

సరే. అయితే నా సంగతీ వినండి. నేను రిటైరయ్యాను, డిసెంబర్లో ఎక్కడికీ వెళ్లను. అందుకని చుట్టుపక్కల మనవాళ్లందరూ ఇండియా వెళ్తూ కుండీలు తెచ్చి నా గరాజ్‌లో పెట్టి పోతారు. 'మాస్టారూ, జాగ్రత్త' అనేసి వెళ్తారు. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ 2కి పడింది, సెల్సియస్‌లో మైనస్ 19. కరెంటు లేదు. మా వీధిలో 31 గంటలు రాలేదు. అప్పుడు గరాజ్‌లో పద్నాలుగు కుండీలున్నాయి, నావి మూడే. పాత దుప్పట్లన్నీ కప్పాను. మా ఆవిడ పట్టుచీరలు చుట్టిన పాత పంచెలు కూడా తీసిచ్చింది. లోపల థర్మామీటర్ 26 (సెల్సియస్‌లో మైనస్ 3) చూపించింది.

పొడిగా ఉన్నవాటిలో నాలుగు మిగిలాయి, నల్లబడ్డ కొసలు తెల్లటి పాలు కారేదాకా కోసుకుంటూ వస్తే ఏప్రిల్‌లో చిగురేశాయి. తడిమట్టితో ఉన్నవి ఒక్కటీ మిగల్లేదు. 'పాపం దాహంగా ఉంటుంది' అని ఇచ్చేముందు బకెట్ నీళ్లు పోసి తెచ్చినవవి. చచ్చింది వాళ్ల నీళ్లకే. మాట పడింది నేను. ఒకాయన ఇప్పటికీ గుడిలో కనిపిస్తే చెప్పుల స్టాండ్ వైపు తిరిగిపోతాడు. అందుకే నీళ్లు అంటే నాకు ఒళ్లు మండుతుంది. మీ ఒక్క చెట్టుని మీరు పక్కలో పెట్టుకుని చూసుకుంటారు, నేను పదిమంది చెట్లకి జవాబు చెప్పాలి.

మొక్కల_మూర్తి | మధ్యాహ్నం 2:40

ఆ పదకొండూ మీరు అడిగి తెచ్చుకున్నవి కాదు కదా మాస్టారూ. వద్దనొచ్చుగా?

ప్లేనో_మాస్టారు | మధ్యాహ్నం 2:44

కుండీ కారులోంచి దింపేశాక ఎలా వద్దంటాం?

ఎడిసన్_వరహాలు | మధ్యాహ్నం 3:15

ఇది వేరే సంగతి. ఒకరి చెట్టు ఇంకొకరి గరాజ్‌లో పెట్టడమే తప్పు, నేనైతే చచ్చినా ఇవ్వను. డిసెంబర్ టికెట్లు చవగ్గా దొరికినా నేను వెళ్లనిది సగం దీని గురించే. పిచ్చి అంటారేమో, అనండి.

నా ఆకు కొస ఇప్పుడే చూశాను. గుండ్రంగా ఉంది. కోసుగా అస్సలు లేదు. అలాగని మీరు చెప్పింది ఒప్పుకున్నట్టు కాదు.

ప్లేనో_మాస్టారు | మధ్యాహ్నం 3:22

నాకున్నవన్నీ కోసు ఆకులే. అందులో ఒప్పుకోవడానికేముంది.

అడ్మిన్ | సాయంత్రం 4:00

అడిగినావిడకి జవాబు వచ్చిందా? లేకపోతే థ్రెడ్ తెరిచే ఉంచుతాను. చెట్టు పేరు మీద వాదన వేరే చోట పెట్టుకోండి.

సరళ_ఫ్రిస్కో | రాత్రి 8:50

రోజంతా ఆఫీసులో ఉండి ఇప్పుడే చదివాను. ఇంత గొడవవుతుందని తెలిస్తే అడిగేదాన్ని కాదు.

టార్చ్ వేసుకుని వెళ్లి చూశాను. నర్సరీది కోసు ఆకు, సగం ఇప్పటికే పసుపై రాలిపోయాయి. కుండీ ఎత్తితే తేలిగ్గా లేచింది. ఫ్రెండ్ ఇచ్చినదానికి గుండ్రటి కొస, ఒక్కటీ రాలలేదు, ఆకు మీద టార్చ్ పడితే మెరుస్తోంది. కాబట్టి మొదటిది గరాజ్‌లో చెక్క మీద, నీళ్లు లేకుండా. రెండోది దక్షిణం కిటికీ దగ్గర. పక్కింటావిడ మొక్కలు చూస్తానంది. రాసి పెట్టి వెళ్లాలి. ఆవిడ చెయ్యి కాస్త ధారాళం.

తిరిగి బయటికి ఎప్పుడు తేవాలి?

ప్లేనో_మాస్టారు | రాత్రి 9:05

రాత్రులు వరసగా 50 పైన నిలబడ్డాక. ఇక్కడ మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదలు. ఒక్కసారిగా ఎండలో పెట్టకండి, వారం పది రోజులు నీడలో అలవాటు చేయండి, లేకపోతే మాడిపోతుంది. కోసు ఆకుదానికి కొత్త ఆకులు విప్పుకున్నాకే బాగా నీళ్లు.

మీ గరాజ్ చల్లగా ఉంటే ఆ కుండీ మా ఇంటికి తీసుకురండి. గుమ్మంలోనే ఎత్తి చూస్తాను. బరువుగా ఉంటే వెనక్కే.

ఎడిసన్_వరహాలు | రాత్రి 9:40

గుండ్రటి ఆకుదానికి ముందు వేలు మట్టిలో రెండు కణుపుల దాకా గుచ్చి చూడమనండి. పొడిగా ఉంటేనే. పది రోజులకో గ్లాసు. వెళ్లేముందు ఆ గ్లాసు కూడా పక్కింటావిడకి ఇచ్చేసి వెళ్లండి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలిస్తే పారబోయమనండి.

చికాగో_చలి | రాత్రి 10:02

కరివేపాకుకి కూడా ఇదే పద్ధతా?