కాలువ గట్టు మీది పసుపు డైసీ: స్ఫాగ్నెటికోలాలో ఏ జాతి?

బీఎస్సీ బోటనీ హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్కను అతికించే కాగితం) కోసం కాలువ గట్టున పాకే పసుపు డైసీ మొక్క ఒకటి సేకరించాను. కుటుంబం ఆస్టరేసీ, ప్రజాతి స్ఫాగ్నెటికోలా, ఇంతవరకు తేలింది. పాత ఫ్లోరాల్లో (ఒక ప్రాంతపు మొక్కలను వివరించే పుస్తకాల్లో) వెడీలియా అని ఉంటుంది. 1996లో ప్రుస్కి అనే వృక్షశాస్త్రవేత్త స్ఫాగ్నెటికోలాలోకి మార్చాడు కాబట్టి అక్కడ గొడవ లేదు. తేలనిది జాతే. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి మన తోటల నిండా పరచుకున్న ట్రైలోబేటానా, లేక మన పచ్చ గుంటగలగర, అంటే కాలెండులేసియానా?

ఆకులు ఎదురెదురుగా, 6 సెం.మీ. దాకా పొడవు. కణుపు కణుపుకీ వేళ్లు. పువ్వు దాదాపు 2.5 సెం.మీ. వెడల్పు, కిరణ పుష్పకాలు (అంచున రేకుల్లా కనిపించే చిన్న పూలు) 9 నుంచి 11, వాటి కొసల్లో మూడేసి చిన్న నొక్కులు. చిక్కంతా ఆకులతోనే. ఎండ తగిలే కొమ్మల్లో ఆకుకు రెండు పక్కలా తమ్మెలు స్పష్టంగా ఉన్నాయి. అదే తీగ నీడలోకి పాకిన చోట ఆకు సన్నగా, అంచున ఒకటి రెండు పళ్లతో సరిపెట్టుకుంది.

ఫోన్ యాప్ ఒక్కో ఫొటోకు ఒక్కో పేరు చెబుతోంది (దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు). నా దగ్గరున్న కీ (లక్షణాల ప్రశ్నలతో జాతిని గుర్తుపట్టే పట్టిక) మొదట అడిగేదే తమ్మెల గురించి. 10ఎక్స్ లెన్స్‌తో పువ్వు విప్పి చూశాను కానీ, పోల్చుకోవడానికి రెండో జాతి నమూనా దొరకలేదు. గింజలు చూద్దామంటే ఎండిన పూలలో అన్నీ తాలే.

ఆకు తమ్మెలు కాకుండా, ఈ రెండు జాతులను కచ్చితంగా విడదీసే లక్షణం పువ్వులో గానీ కాడలో గానీ ఏముంది?