గ్రీన్‌విచ్ గీత మీద నిలబడితే ఫోన్ సున్నా ఎందుకు చూపించట్లేదు?

లండన్_గుంటూరోడు:
నమస్తే అందరికీ. మొన్న పిల్లల్ని తీసుకుని గ్రీన్‌విచ్ అబ్జర్వేటరీకి వెళ్లాం. అక్కడ నేల మీద ప్రైమ్ మెరిడియన్ గీత ఉంటుంది కదా, దాని మీద నిలబడి ఫోన్‌లో లాంగిట్యూడ్ చూస్తే సున్నా రాలేదు, పశ్చిమానికి 5 సెకన్ల చిల్లర (టైమ్ కాదు, డిగ్రీలో 3600వ వంతు కోణం) చూపిస్తోంది. ఫోన్ తేడా ఏమో అని మా ఆవిడ ఫోన్‌లో చూశా, అదీ అంతే. తూర్పుగా పార్కులోకి ఒక వంద మీటర్లు నడిస్తే అప్పుడొచ్చింది సున్నా. అప్పట్లో నక్షత్రాలు చూసి వేసిన గీత కాబట్టి తప్పు పడిందా, లేక శాటిలైట్ లెక్కే వేరా? సర్వే ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

డీజీపీఎస్_సర్వేయర్:
రెండూ కరెక్టేనండి. మీరు నడిచింది 102 మీటర్లు. అక్కడి ఖగోళ శాస్త్రవేత్త ఎయిరీ పెట్టించిన టెలిస్కోప్, ఎయిరీ ట్రాన్సిట్ సర్కిల్‌తో 1851 నుంచి నక్షత్రాలు చూశారు, 1884లో వాషింగ్టన్ సమావేశంలో దాన్నే సున్నాగా ఒప్పుకున్నారు. నక్షత్రం ఏ క్షణంలో మెరిడియన్ దాటిందో చెప్పాలంటే ముందు అసలు నిలువు ఏదో తెలియాలి కదా, దానికి వాళ్లు పాదరసం తొట్టె వాడేవాళ్లు. పాదరసం మట్టమైనా మేస్త్రీ తూకం గుండైనా గురుత్వాకర్షణ ఎటు లాగితే అటే. భూమి లోపల బరువు అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి గుండు ఒక పిసరు పక్కకి వాలుతుంది, దాంతో లాంగిట్యూడ్‌లో 5.3 సెకన్లు తేడా వచ్చింది. అక్కడ ఒక సెకనంటే సుమారు 19 మీటర్లు, గుణించి చూడండి.

జీపీఎస్‌కి గుండుతో పని లేదు. శాటిలైట్లు 20,200 కిలోమీటర్ల ఎత్తున భూమి కేంద్రం చుట్టూ తిరుగుతుంటాయి, కనీసం నాలుగింటి సిగ్నల్ ఎంతసేపట్లో వచ్చిందో చూసి దూరాలు లెక్కేస్తుంది. లెక్క భూమి కేంద్రం నుంచే కాబట్టి గుండు వాలు అందులో రాదు, అందుకే దాని సున్నా పార్కులో పడింది. టైమ్‌లో ఒక్క నానోసెకను తేడా పడితే దూరంలో 30 సెంటీమీటర్లు పోతుంది.

రాళ్లగుట్ట_రోవర్:
ఇదే గొడవ మన దేశంలో ఎప్పుడో వచ్చింది బ్రో, నాకు బాగా ఇష్టమైన కథ. భారత సర్వే అధిపతి జార్జ్ ఎవరెస్ట్ టైంలో కల్యాణ్‌పూర్, కలియానా అనే రెండు స్టేషన్ల మధ్య లాటిట్యూడ్ తేడాని త్రికోణాలతో కొలిస్తే ఒకటి వచ్చింది, నక్షత్రాలతో చూస్తే ఇంకోటి, రెంటికీ 5.236 సెకన్లు తేడా, అంటే నేల మీద దాదాపు 160 మీటర్లు! హిమాలయాలు గుండుని లాగుతున్నాయేమో అని 1855లో ప్రాట్ అనే కలకత్తా చర్చి అధికారి, గణితజ్ఞుడు లెక్కేస్తే దాదాపు 15.9 సెకన్లు రావాలని తేలింది, అంటే కొండలు లాగాల్సినంత లాగట్లేదు. అదే ఏడాది ఎయిరీ, అవును ఆ గ్రీన్‌విచ్ ఎయిరీనే, కొండల కింద తేలిక రాయి లోతుగా దిగి ఉంటుందని చెప్పాడు. సర్వేలో వచ్చిన తేడాని సర్దేసి వదిలేయకుండా పట్టుకుని కూర్చున్నారు చూడండి, అందుకే పర్వతాల వేళ్ల సంగతి బయటపడింది.

లండన్_గుంటూరోడు:
సూపర్ అన్నా. మరి ఇప్పుడు నక్షత్రాలతో పని లేనట్టేనా?

డీజీపీఎస్_సర్వేయర్:
లేకేం, ఉంది. భూమి తిరిగే వేగం రోజూ ఒకేలా ఉండదు. కక్ష్యలన్నీ కలిసి కాస్త తిరిగాయా, భూమి తిరిగిందా అనేది శాటిలైట్లతో మాత్రమే తేల్చలేం, అందుకని ఎంతో దూరంలో ఉన్న క్వాసార్లని (బాగా వెలిగే గెలాక్సీ కేంద్రాలు) రేడియో టెలిస్కోపులతో చూసి సరిచేస్తారు. అలా చూస్తే మీ ఫోన్ కూడా ఆకాశం మీదే ఆధారపడి ఉంది.

కాలువ_ఏఈ:
మా పనిలో ఇది ఎత్తుల దగ్గర తగులుతుంది. రోవర్ (సర్వేకి వాడే జీపీఎస్ రిసీవర్) ముందు ఇచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే భూమిని నున్నటి గుండ్రటి ఆకారంగా ఊహించి దాని మీద నుంచి కొలిచే ఎత్తు, మన తీరంలో సముద్రం ఒడ్డున నిలబడినా పదుల మీటర్లు మైనస్‌లో చూపిస్తుంది. శ్రీలంకకి దక్షిణాన అయితే సముద్ర మట్టమే ఆ ఎలిప్సాయిడ్‌కి 106 మీటర్లు కిందికి ఉంది. నీళ్లు గురుత్వాకర్షణ ప్రకారమే పారతాయి కదా, అందుకే కాలువ లెవెల్స్‌కి జియాయిడ్ మోడల్ (గురుత్వాకర్షణ ప్రకారం అసలు సముద్ర మట్టం ఎక్కడుందో చెప్పేది) వేయకుండా రోవర్ అంకెలు డ్రాయింగ్‌లో పెట్టొద్దు, దగ్గర్లో బెంచ్ మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) ఉంటే ఆటో లెవెల్ (మట్టం చూసే పరికరం)తో ఒకసారి చెక్ చేసుకోండి.