ఫ్యాన్ రెక్కల అంచుకు జిడ్డు మళ్లీ పట్టకుండా ఏం రాయాలి?

మాది మిర్యాలగూడ, చుట్టూ రైస్ మిల్లులే. బాయిలర్లలో కాల్చే ఊక బూడిద గాలికి లేచి ఇంట్లోకి వస్తుంది. అయినా బెడ్‌రూమ్ ఫ్యాన్లతో ఇబ్బంది లేదు. పాత దిండు గలీబు రెక్కకు తొడిగి లాగితే దుమ్మంతా అందులోకే వస్తుంది, మంచం మీద పడదు.

సమస్యంతా హాల్లో ఫ్యాన్‌తోనే. 48 అంగుళాలది, మూడు రెక్కలు, తెల్ల పెయింట్. వంటగదికి తలుపు లేదు, పోపు పొగంతా హాల్లోకే. రెక్క పైన పొడి దుమ్మే ఉంటుంది. గాలిని కోసుకుంటూ ముందు తిరిగే అంచుకు మాత్రం నల్లటి జిడ్డు పడుతోంది, గోరుతో గీకితే ముద్దగా ఊడి వస్తుంది.

సర్ఫ్ నీళ్లతో తుడిస్తే చారలు మిగిలాయి. గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చటి నీళ్లలో కలిపి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెడితే శుభ్రంగా పోయింది. కానీ పది రోజులు తిరక్కముందే అంచు మళ్లీ నల్లబడింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాక కొంచెం నయం, అంతే. పక్కింటివాళ్లు కిరోసిన్ పూయమంటారు. ఆ వాసన మా అత్తమ్మకు పడదు, నాకేమో పెయింట్ పోతుందని టెన్షన్.

కడిగి ఆరాక కార్లకు రాసే వ్యాక్స్ పాలిష్ పల్చగా పూస్తే జిడ్డు పట్టదని ఒక ఎలక్ట్రీషియన్ అన్నాడు. దానికే దుమ్ము ఇంకా అంటుకుంటుందేమోనని నా అనుమానం. వంటగది పొగ తగిలే ఫ్యాన్‌కు ఈ వ్యాక్స్ వాడినవాళ్లు ఎవరైనా ఉంటే, జిడ్డు తగ్గిందా, పెరిగిందా చెప్పగలరా?