పబ్బు షోలకి అగ్రిమెంటు రాయించుకోవాలా, వాట్సాప్ మాట చాలదా?

మైకు_మారతహళ్లి:
బెంగళూరులో ఇందిరానగర్ పబ్బుల తెలుగు నైట్ల నుంచి వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల ఉగాది ఫంక్షన్ల దాకా పాటగాళ్ళు, యాంకర్లు, మెజీషియన్లు ఎవరి బుకింగులు వాళ్ళే చూసుకుంటున్నారు. రేటు ఫోన్లో మాట్లాడుకోవడం, డేటు వాట్సాప్‌లో ఖాయం చేసుకోవడం, అంతే. సంతకం లేనిదే డేటు ఇవ్వకూడదని కొందరంటారు. కాగితం అడిగితే వచ్చే షో కాస్తా పక్కవాడికి పోతుందని కొందరు. నా ఓటు కాగితానికే. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

రాగిసంగటి:
నేను కాదంటాను. 12 వేల షోకి నాలుగు పేజీలు పంపితే మేనేజరు ఓనరుకి పంపుతాడు, ఓనరు సీఏకి పంపుతాడు, ఈలోపు శనివారం వచ్చేస్తుంది. పైగా మనం కాగితం తెరిస్తే వాళ్ళూ తమది తెరుస్తారు. అందులో పేమెంటు 45 రోజులకి అని, నెల రోజుల పాటు 5 కిలోమీటర్ల లోపు ఇంకో షో చెయ్యకూడదని, వీడియో హక్కులన్నీ వాళ్ళవేనని ఉంటుంది. నోటిమాట మీద నడిచినంతకాలం ఈ తద్దినం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. అయినా డబ్బు రాబట్టేది సంతకం కాదు, అడ్వాన్సు. డేటు ఖాయం చేసినప్పుడు సగం, సౌండ్ చెక్‌కి ముందు మిగతా సగం. రాకపోతే కేబుళ్ళు చుట్టుకుని వచ్చేయడమే.

డెస్క్_వెనకాల:
సంగటి అన్నా, అడ్వాన్సు మాట నిజమే. కానీ గొడవలు ఎక్కువగా ప్లగ్గు దగ్గర మొదలవుతాయి. "సౌండ్ మా దగ్గర ఉంది" అని మేనేజరు అన్నాడంటే సీలింగులో బిగించిన స్పీకర్లు, ఒక డీజే మిక్సరు అని అర్థం. చిన్న ట్రూపు లెక్క వేయండి: కీబోర్డుకి 2 లైన్లు, రిథమ్ ప్యాడుకి 2, గిటారుకి 1, ట్రాకులు వేసే లాప్‌టాపుకి 2, ఇద్దరు సింగర్లకి 2. మొత్తం 9. అంటే 12 చానెళ్ళ మిక్సరు, మైకులు కాని 7 లైన్లకి డీఐ బాక్సులు (వాయిద్యం సిగ్నల్‌ని మిక్సరుకి సరిపడేలా మార్చే డబ్బాలు), సింగర్ల ముందు కనీసం ఒక మానిటరు (వాళ్ళ పాట వాళ్ళకే వినిపించే స్పీకరు). ఇది ముందే రాసి పంపకపోతే సాయంత్రం ఆరింటికి అద్దెకి తెప్పించాలి. ఆ అద్దె ఎవరి జేబులోంచి?

కరెంటు ఇంకో తంటా. స్టేజీ పాయింటు, కిచెన్ ఫ్రీజరు, డిమ్మరు లైట్లు ఒకే లైను మీద ఉంటే స్పీకర్లో గుయ్‌మని హమ్ వస్తుంది. ఎర్తింగ్ లేకపోతే గిటారు పట్టుకుని మైకుకి పెదవి ఆనించినవాడికి షాకే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటరు పెడితే రెండు మూడు వోల్టులు మించకూడదు. "స్టేజీకి విడిగా 15 ఆంపియర్ల పాయింట్లు రెండు, ఎర్తింగ్‌తో" అని ఒక్క వాక్యం రాస్తే చాలు.

రూఫ్‌టాప్ షో అయితే గడియారం కూడా రాయాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరు మోగకూడదు. 9కి మొదలవ్వాల్సిన షో టేబుళ్ళు నిండలేదని 9.30కి జరిపితే, పదికి ఆపేశాక "అరగంటే పాడారు, సగమే ఇస్తాం" అంటారు. లైసెన్సు బాధ్యత కూడా వాళ్ళదేనని రాయించుకోండి. లైవ్ మ్యూజిక్‌కి ఇక్కడ 2005 నాటి పోలీసు ఆర్డరు కింద లైసెన్సు కావాలి. 2018లో సుప్రీంకోర్టు కూడా ఆ ఆర్డరును సమర్థించింది.

పద్దుల_పిచ్చయ్య:
టికెట్ షోల సంగతి ఎవరూ ఎత్తలేదు. "70 మీకు, 30 మాకు" అంటే దేంట్లో 70? 499 చొప్పున 80 టికెట్లు, మొత్తం 39,920. దాని మీద 70 శాతం 27,944. అదే టికెట్ యాప్‌కి 10 శాతం, సౌండ్ అద్దె 8 వేలు ముందు తీసేసి 70 శాతం ఇస్తే 19,550 చేతికొస్తుంది. "ఖర్చులు తీయకముందు" అనే రెండు మాటల ధర 8,394 రూపాయలన్నమాట. ఇవి ఫోన్లో మాట్లాడుకునే లెక్కలు కావు.

సంగటి గారు 45 రోజులన్నారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న సర్వీసుదారులకి 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతలో ఎంత గడువు పెట్టినా 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు, ఆధార్, పాన్ చాలు. కానీ షో అయ్యాక చేయించుకుంటే ఆ షోకి పనికొస్తుందన్న గ్యారంటీ లేదు.

రాగిసంగటి:
పిచ్చయ్య గారూ, అదే చట్టంలో రాత ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే! కాగితం వల్ల మనకి నెల రోజులు నష్టం కదా?

పద్దుల_పిచ్చయ్య:
పట్టేశారు, ఒప్పుకుంటున్నా. వాళ్ళ ఫార్మాట్ మీద గుడ్డిగా సంతకం పెడితే నష్టమే. అందుకే గడువు మనమే రాయాలి. ఇంకో చిక్కు: మామూలు తెల్లకాగితం అగ్రిమెంటుకి స్టాంపు లేకపోతే, సుంకంతో పాటు దానికి పది రెట్ల దాకా జరిమానా కడితే గానీ కోర్టు దాన్ని సాక్ష్యంగా చూడదు. "క్యాన్సిల్ చేస్తే మొత్తం కట్టాలి" అని రాసినా కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు సబబైన పరిహారమే ఇప్పిస్తుంది, రాసిన మొత్తం పై హద్దు మాత్రమే. కాబట్టి మెట్లుగా రాయండి: 15 రోజుల ముందైతే అడ్వాన్సు వరకు, 3 రోజుల లోపైతే ముప్పావు, అదే రోజైతే మొత్తం.

చిన్న షోలకి వాట్సాప్ మెసేజే వాడండి, సరిగ్గా వాడండి. బోర్డు మీద పబ్బు పేరు ఒకటి, బిల్లు మీద కంపెనీ పేరు ఇంకోటి ఉంటాయి. బాకీ కంపెనీదే, బిల్లు చూసి ఆ పేరే రాయండి. ఇలా:

"ఫలానా కంపెనీ వారికి: 14వ తేదీ శనివారం, రాత్రి 8 నుంచి 10, రెండు సెట్లు, 45 నిమిషాల చొప్పున. 12,000, సగం ఇవాళ, సగం సౌండ్ చెక్‌కి ముందు. టీడీఎస్ కోస్తే సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆలస్యం మీవల్లయితే మొత్తం పేమెంటు. సౌండ్ లిస్టు కింద ఉంది. ఒప్పుకుంటే 'ఓకే' అనండి."

థంబ్ ఎమోజీ వద్దు, 'ఓకే' అని టైపు చేయించండి. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే నిలబడదు; 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, కాబట్టి చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఆ ఫోను అమ్మేయకండి.

మైకు_మారతహళ్లి:
ఇది కాగితమా, కాదా? సంగటి అన్నా, ఈ మెసేజ్‌కి మీరు ఒప్పుకుంటారా?

రాగిసంగటి:
మెసేజ్‌కి ఓకే. టైపు చేసే పంపుతున్నా, థంబ్ కాదు. నాలుగు పేజీలకి మాత్రం ఇప్పటికీ నో. కానీ పెళ్ళి రిసెప్షన్లలో మధ్యలో ఈవెంటు మేనేజరు ఉంటాడు కదా, మెసేజ్ ఎవరికి పంపాలి?

పద్దుల_పిచ్చయ్య:
పిలిచింది మేనేజరైతే మేనేజరుకే. "పెళ్ళివాళ్ళు ఇస్తేనే నేనిస్తా" అన్న మాట అతని జవాబులో కనిపిస్తే డేటు ఇవ్వకండి.