లాక్‌డౌన్‌లో ఆడవారి వ్యాయామం ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న: 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై పార్కులు, జిమ్‌లు మూతపడ్డాక, మా అపార్ట్‌మెంటులో మగవారు మేడపైన నడక కొనసాగించారు గాని ఆడవారిలో చాలామంది పూర్తిగా మానేశారు. దీనికి భయమొక్కటే కారణమంటారా?

మొదటి జవాబు: తీరిక లేకపోవడమే పెద్ద కారణమని నా అభిప్రాయం. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు అందుకు రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు వెచ్చించినవి 97 నిమిషాలే. అది కరోనాకు ముందు మాట. ఆ తరువాత పనిమనిషి రాలేదు, బడులు మూతపడ్డాయి, మూడు పూటలా అందరూ ఇంట్లోనే ఉన్నారు.

రెండవ జవాబు: నిజమేనండి, అయితే చోటు సంగతి కూడా చూడాలి. రెండు గదుల ఇంట్లో, అత్తమామల ఎదుట, పిల్లల ఆన్‌లైన్ తరగతుల నడుమ యోగా చేసుకునే ఏకాంతం ఎక్కడిది? వేకువన వీధిలో నలుగురు కలిసి నడవడమే ఆడవారికి రక్షణ. దూరం పాటించాలన్న నియమం, అవసరమే అయినా, ఆ రక్షణను తీసివేసింది.

మూడవ జవాబు: పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంటిపనిని మగవారు పంచుకోనిదే ఆ సమయం దొరకదు. మేడపైన సాయంత్రం ఒక గంట ఆడవారికే కేటాయించమని మీ అసోసియేషన్‌ను ఇప్పుడే అడగండి.