మా ఆడోళ్ల సంఘం తరఫున 1971 యుద్ధం తాతలకు మెడల్స్ ఇవ్వొచ్చా?

మాది కావలి దగ్గర పల్లె. పాత రాగి బిందెలు, తిరగళ్లు, పెళ్లి పాటలు రాసుకున్న నోటుబుక్కులు పోగేసి దాచే చిన్న సంఘం మాది, మొత్తం 14 మందిమి. ఈ డిసెంబర్ 16న విజయ్ దివస్‌కి చుట్టుపక్కల ఊళ్లలో 71లో పాకిస్తాన్‌తో యుద్ధం చేసిన పెద్దలకు మెడల్ ఇద్దామనుకున్నాం. వెతికితే తొమ్మిది మంది తేలారు, అందరూ డెబ్బై దాటినవాళ్లే. నెల్లూరులో షీల్డులు చేసే షాపాయన వాట్సాప్‌లో నమూనా పంపాడు. పైన సింహాల బొమ్మ, కింద మా సంఘం పేరు, అచ్చం గవర్నమెంటు మెడల్ లాగే ఉంది, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. ఇంకో తగువు కూడా ఉంది. తొమ్మిది మందిలో ఒకాయన యుద్ధం జరిగినన్నాళ్లూ స్టోర్స్‌లో లెక్కలు రాశాడంట. తుపాకీ పట్టనాయనకి మెడల్ ఏంది అని మాలో ఒకామె పట్టుబట్టి కూర్చుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గిద్దలూరు నుంచి, రిటైర్డ్ హవల్దార్
ముందు ఆ సింహాలు తీసేయించమ్మా. రాజచిహ్నాన్ని ప్రైవేటువాళ్లు ఇష్టమొచ్చినట్టు వాడకుండా 2005లో చట్టమే చేశారు, షాపాయనకి తెలియకపోతే మీరు చెప్పండి. మీ సంఘం మెడల్ ఇవ్వడంలో తప్పేం లేదు. కాకపోతే సర్కారు ఇచ్చిన మెడల్స్ వరసలో దాన్ని గుచ్చొద్దు, శాలువా కప్పి చేతికివ్వండి చాలు. స్టోర్స్ ఆయన సంగతంటారా, వెనకనుంచి గుండ్లు, రేషను, డీజిలు రాకపోతే ముందున్నోడు ఏం పెట్టి కొట్లాడతాడు? ఆ మాట అన్నామెను ఒకరోజు మా ఇంటికి పంపండి, నేను చెప్తా.
ఇంకొకటి. కొత్త మెడల్ కంటే ముందు వాళ్ల ట్రంకు పెట్టెలు తెరిపించండి. 71కి సంగ్రామ్ మెడల్ ఉంది, తూర్పు వైపు చేసినవాళ్లకి పూర్వీ స్టార్, పడమర వైపుకి పశ్చిమీ స్టార్. పోగొట్టుకున్నవాళ్లుంటే డిశ్చార్జ్ బుక్ జిరాక్స్ పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, రికార్డ్స్ ఆఫీసుకి ఎట్టా రాయాలో చెప్తారు.

ఒంగోలు అమ్మాయిని, ఇప్పుడు అమెరికాలో
అక్కా, ఆడవాళ్ల సంఘాలు మెడల్స్ ఇవ్వడం ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ అని 1894లో నాష్‌విల్‌లో పెట్టారు. అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడిన ముసలివాళ్లకి 1900 నుంచి క్రాస్‌లు, అంటే శిలువ ఆకారం మెడల్స్ ఇచ్చారు, తర్వాత ప్రపంచ యుద్ధాలకి వెళ్లినవాళ్లకీ ఇచ్చారు, కాకపోతే వాళ్లు ఆ పాత సైనికుల వంశంలో పుట్టి ఉండాలి. ఆ దక్షిణాది కొట్లాడిందేమో బానిసత్వాన్ని నిలబెట్టుకోడానికి. అంటే మెడల్ మనవడి మెడలో, గొప్ప మాత్రం తాతది, అదీ అలాంటి తాతది! మీరు ఎవరికివ్వాలో తేల్చుకునేటప్పుడు ఫలానావాళ్ల అబ్బాయి, మన వాళ్లు అనే లెక్క రానీకండి. మన ఊళ్లలో అది రాకుండా ఉండదని నాకు తెలుసు, అందుకే చెప్తున్నా.

కందుకూరు నుంచి
మా తాత పోయి పదకొండేళ్లు. ఆయన మెడల్ మా అవ్వ హార్లిక్స్ సీసాలో దాచింది. ఏటా సంక్రాంతికి ఇత్తడి చెంబులతో పాటు దాన్నీ చింతపండు పెట్టి తోముతుంది. అంచు మీద తాత నంబరు, పేరు ఇంగ్లీషులో కొట్టి ఉంటాయి, తోమీ తోమీ ఇప్పుడు చివరి మూడక్షరాలు వేలికి తగలవు. ఏ ఫంక్షన్‌కీ అవ్వని పిలిచినోళ్లు లేరు. మీ తొమ్మిది మంది లెక్కలో బతికున్న మగవాళ్లే ఉన్నారు కదండీ? వాళ్లు బోర్డర్‌లో ఉంటే ఇక్కడ గొడ్డూ గోదా, పిల్లలూ ఎవరు చూసుకున్నారంటారు? మీది ఆడోళ్ల సంఘమే కదా అని అడుగుతున్నా, కోపం తెచ్చుకోకండి.

గిద్దలూరు నుంచి, రిటైర్డ్ హవల్దార్
అమ్మా, ముందు ఆ చింతపండు ఆపించు. మెత్తటి పొడిగుడ్డ చాలు.

ప్రశ్న అడిగినావిడ
కోపమేం లేదమ్మా, నిజానికి సిగ్గనిపించింది. సింహాలు తీసేసి తాటిచెట్టు బొమ్మ పెట్టమన్నాం, స్టోర్స్ తాత పేరు ఉంచాం. భర్త పోయినవాళ్లు మా చుట్టుపక్కల ఐదుగురున్నారని నిన్న తేలింది. నలుగురు వస్తామన్నారు. ఐదో ఆవిడ స్టేజీ ఎక్కనంది, కావాలంటే ఇంటికి రండి, టీ పెడతానంది. పెట్టె తాళం మాత్రం కొడుకు దగ్గర ఉందంట, ఆయన తడ నుంచి రావాలి.