‘గ్రహణం పట్టింది’ అని రాయొచ్చా? యశ్‌పాల్ మీద వ్యాసం రాస్తుంటే వచ్చిన సందేహం

ప్రశ్న:
2026 నవంబరు 26కి భౌతికశాస్త్రవేత్త యశ్‌పాల్ గారు పుట్టి నూరేళ్లు. మా బడి గోడపత్రికకి ఆయన మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. 1995 అక్టోబరు 24 సూర్యగ్రహణం రోజున దూరదర్శన్‌లో ఆయన చేసిన ప్రత్యక్ష వ్యాఖ్యానం దగ్గర కలం ఆగింది. ‘సూర్యుడికి గ్రహణం పట్టింది’ అని రాస్తే రాహువుని మళ్లీ మనమే పిలిచినట్టు కాదా? ‘ఆచ్ఛాదన’ అందామా?

జవాబు:
ఆచ్ఛాదన వద్దండీ, బట్టల కొట్టు గుర్తొస్తుంది.

మీ సందేహంలో మాత్రం పస ఉంది. ‘గ్రహ్’ ధాతువుకి అర్థమే పట్టుకోవడం. పాణిగ్రహణంలో చేయి పట్టుకుంటారు, ఇక్కడ సూర్యుణ్ణి. 499 నాటి ఆర్యభటీయంలో చూస్తే ‘ఛాదయతి శశీ సూర్యం, శశినం మహతీ చ భూచ్ఛాయా’ అని ఉంటుంది. సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి పెద్ద నీడ కప్పుతుంది. పట్టడం ఊసే లేదు. లెక్క కట్టేవాళ్లు కప్పడం అన్నారు, వాడుకలో పట్టడం నిలిచింది. పట్టు స్నానం, విడుపు స్నానం అందులోంచి వచ్చినవే.

అలాగని ‘పట్టు’ రాహువు సొంత ఆస్తేం కాదు. విషయాన్ని గ్రహించామంటాం, గ్రహణశక్తి అంటాం. అచ్చతెలుగులోనూ అంతే: లెక్కల్లో పట్టుంది, విద్య పట్టుబడింది. మాట ఉంచేయండి. దాని పక్కన ‘చంద్రుడు అడ్డొచ్చి’ అని చేరిస్తే చాలు.

ఇంకోటి. పాత ఖగోళ సిద్ధాంత గ్రంథాల్లో గ్రహణం దశలకి స్పర్శ, నిమీలనం, మధ్యం, ఉన్మీలనం, మోక్షం అని పేర్లున్నాయి. నిమీలనమంటే కన్ను మూయడం, సంపూర్ణ గ్రహణం మొదలు. ఉన్మీలనమంటే కన్ను తెరవడం, దాని ముగింపు. నిమీలనానికి రవ్వంత ముందూ, ఉన్మీలనం కాగానే చంద్రుడి అంచు లోయల్లోంచి వెలుగు తొంగిచూస్తుందే, అదే వజ్రపుటుంగరం. ఆరోజు దేశమంతా టీవీలో చూసింది దాన్నే. గోడపత్రికలో ఈ రెండు మాటలూ పడితే నాకు భలే సంతోషం.

మరో జవాబు:
మాస్టారూ, మాట ఉంచేయమని తేలిగ్గా అన్నారు. ‘గ్రహణం మొర్రి’ సంగతేంటి? పై పెదవి భాగాలు గర్భంలో నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య సరిగా అతుక్కోకపోతే వచ్చే చీలిక అది. గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు, కానీ నింద మాత్రం పేరులోనే కూర్చుంది, ఆ తల్లి గ్రహణం చూసిందని. ఈ ఒక్క మాటని నేను క్షమించలేను. ‘చీలిన పెదవి’ అంటే సరిపోదా?

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం తెలంగాణ మీదుగానే వెళ్లింది. ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ దారిలో ఉంది. శాస్త్రవేత్తలు అక్కడ పరికరాలు బిగించుకుని కూర్చుంటే, జనం తలుపులు బిగించుకుని ఇళ్లల్లో కూర్చున్నారు. పదిహేనేళ్ల తర్వాత, దీపావళి మర్నాడు, యశ్‌పాల్ లాంటి పెద్దమనిషి టీవీలో అంత మురిసిపోతూ వివరిస్తుంటే, బయటికొచ్చి చూస్తే ఏమవుతుందో అన్న భయం చాలామందిలో సడలింది. మా ఇంట్లోనూ ఆ పూట వంట ఆగలేదు.

మళ్లీ మొదటి జవాబు రాసినాయన:
మొర్రి విషయంలో మీ మాటే నెగ్గిందమ్మా. చీలిన పెదవే రాద్దాం.

వ్యాసంలో గ్రహణం ఒక్కటే పెట్టి ఊరుకోకండి. ఆయన విశ్వకిరణాల (కాస్మిక్ కిరణాల) మీద పని చేసిన భౌతికశాస్త్రవేత్త. అహ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగ కేంద్రానికి తొలి సంచాలకుడు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నాసా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి టీవీ చేర్చిన ‘సైట్’ ప్రయోగం ఆయన నాయకత్వంలోనే జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలున్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. దూరదర్శన్ సైన్సు కార్యక్రమం ‘టర్నింగ్ పాయింట్’లో ప్రేక్షకుల ప్రశ్నలకి జవాబులు చెప్పింది ఆ తర్వాతి కథ. 1993లో చదువుల బరువు మీద నివేదిక ఇచ్చిన కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. పిల్లలకి ముందు అదే చెప్పండి, వెంటనే మనవాడనుకుంటారు.

ప్రశ్న అడిగినావిడ:
అందరికీ దండాలు. ఇలా రాశాను: ‘చంద్రుడు అడ్డొచ్చి సూర్యుడికి గ్రహణం పట్టింది. నిమీలనానికి ముందు వజ్రపుటుంగరం మెరిసింది.’ బాగుందా?

జవాబు:
బాగుంది. ఉంగరం మెరిసేటప్పుడు కూడా గ్రహణం కళ్లద్దాలు తీయకూడదని బ్రాకెట్లో పెట్టండి. గోడపత్రిక చదివేది పిల్లలు కదా.